పార్లమెంటులో రైతు పట్టా కోసం నిలబడ్డ నిడుబ్రోలు పెద్దాయన - ఆచార్య రంగా

ఊరు విడిచి ఇంత దూరం వచ్చిన మనలో ఎవరిని కదిపినా, మాట తిరిగి తిరిగి భూమి దగ్గరికే వస్తుంది. ఉన్న ఎకరం తాకట్టు పెట్టి వీసా డబ్బు కట్టినవాళ్లున్నారు. రెండేళ్లు, మూడేళ్లు ఎడారి ఎండలో కష్టపడి ఊళ్లో అరెకరం కొన్నవాళ్లున్నారు. తాతల నాడు సెంటు భూమి లేక, సర్కారు ఇచ్చిన పట్టాతో మొదటిసారి రైతులైన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ భూమిని సర్కారు తీసుకుంటే ఏమవుతుంది, ఎంత ఇవ్వాలి, కోర్టుకు వెళ్లే దారి ఉందా? ఈ ప్రశ్నల మీద మన పార్లమెంటులో 1964లో పెద్ద పోరాటమే నడిచింది. అందులో ఒక వైపు ముందు నిలిచిన మనిషి మన తెలుగువాడు, గుంటూరు జిల్లా రైతుబిడ్డ. ఆయనే ఆచార్య ఎన్.జి. రంగా.

రంగా పేరు చాలామందికి వ్యవసాయ విశ్వవిద్యాలయం బోర్డు మీద చూసిన పేరుగానే తెలుసు. ఆయన చేసిన పనిలో రాజ్యాంగ సవరణల మీద జరిగిన వాదం ముఖ్యమైనదని మేం అనుకుంటున్నాం. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి చెప్పుకుందాం.

నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. ఊళ్లో చదువు, ఆపైన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల. అక్కడితో ఆగకుండా ఓడెక్కి ఇంగ్లండు వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి 1926లో పట్టా పుచ్చుకున్నారు. ఇంటికి ఒక ఉత్తరం చేరడానికి వారాలు పట్టే రోజులవి. ఇవాళ ఫోన్‌లో పిల్లల ముఖాలు చూసుకుంటున్న మనకు ఆ దూరం ఎంతో ఊహకు కూడా అందదు.

తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం చెప్పారు. ఆచార్య అన్న మాట అలా ఆయన పేరుకు ముందు చేరి, చివరిదాకా అంటిపెట్టుకుంది. కోరుకుంటే సుఖంగా గడిచే ఉద్యోగమే. కానీ 1930లో గాంధీజీ పిలుపు విని స్వాతంత్ర్య పోరాటంలోకి దిగారు. భార్య భారతీదేవి కూడా ఆయనతోపాటే ఆ దారి పట్టారు.

జమీందారుల మీద రైతు జెండా

అప్పట్లో ఆంధ్ర ప్రాంతంలో భూమి రెండు రకాలుగా ఉండేది. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు కథంతా దీని మీదే నడుస్తుంది.

ఒకటి జమీందారీ. వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం వంటి సంస్థానాల కింద వేల ఎకరాలుండేవి. దున్నేది రైతు, శిస్తు వసూలు చేసేది జమీందారు, అందులో కొంత సర్కారుకు కట్టేదీ జమీందారే. రెండోది రైత్వారీ. ఇక్కడ మధ్యలో దొర ఉండడు. రైతు పేరు మీదే పట్టా, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కడతాడు. గుంటూరు, కృష్ణా, రాయలసీమ జిల్లాల్లో చాలా భూమి ఈ రెండో రకమే.

రంగా మొదటి పోరాటం జమీందారుల మీద. 1930ల మొదట్లో వెంకటగిరి సంస్థానం రైతుల తరఫున నిలబడ్డారు. రైతు కుర్రాళ్లకు రాజకీయం, ఆర్థికం నేర్పాలని నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టారు. పొలం నుంచి వచ్చిన కుర్రాళ్లు అక్కడ చదువుకుని, సభల్లో మాట్లాడడం నేర్చుకుని ఊళ్లలో రైతు సంఘాలు కట్టారు. అలా తయారైన శిష్యుల్లో బారువ గ్రామానికి చెందిన గౌతు లచ్చన్న ఒకరు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు కూడా ఆ దశాబ్దంలోనే వెళ్లారు.

అంటే ఈయన దొరల పక్షాన మాట్లాడిన మనిషి కాదు. జమీందారీ పోవాలని గట్టిగా పోరాడిన మనిషి. మద్రాసు రాష్ట్రంలో 1948లో చట్టం వచ్చి జమీందారీలు రద్దు కావడం వెనక ఇలాంటి రైతు ఉద్యమాల బలం ఎంతో ఉంది. 1964లో ఆయన మాటకు బరువు వచ్చింది ఈ చరిత్ర వల్లనే.

రాజ్యాంగం రాసిన సభలో

రాజ్యాంగం రాసిన సభలో రంగా సభ్యులు. ఆస్తి హక్కును ఆ రాజ్యాంగం ప్రాథమిక హక్కుగా పెట్టింది. సర్కారు ఎవరి భూమినైనా తీసుకోవాలంటే చట్టం ఉండాలి, పరిహారం ఇవ్వాలి అన్నది 31వ అధికరణం.

ఏడాదిన్నర తిరగకముందే చిక్కు వచ్చింది. జమీందారీ రద్దు చట్టాలను జమీందారులు కోర్టుల్లో సవాలు చేశారు. బీహారు చట్టాన్ని పాట్నా హైకోర్టు కొట్టేసింది. దాంతో నెహ్రూ ప్రభుత్వం 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చింది. 31ఎ అధికరణం, దాంతోపాటు తొమ్మిదో షెడ్యూలు అలా పుట్టాయి. తొమ్మిదో షెడ్యూలంటే ఒక జాబితా. ఆ జాబితాలో చేర్చిన చట్టాన్ని, ప్రాథమిక హక్కులకు భంగం అనే కారణంతో కోర్టు కొట్టేయడానికి వీల్లేదు. మొదట 13 చట్టాలు పెట్టారు. 1955లో నాలుగో సవరణతో అవి 20 అయ్యాయి.

ఈలోగా రంగా రాజకీయ జీవితం చాలా మలుపులు తిరిగింది. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేసి నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడారు. ప్రకాశం పంతులుతో కలిసి కాంగ్రెస్ వదిలారు. తర్వాత ఆయనతోనూ విడిపోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కాంగ్రెస్‌తో కలిసి కమ్యూనిస్టులను ఎదుర్కొన్నారు, మళ్లీ కాంగ్రెస్ గూటికి చేరారు. 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇన్ని పార్టీలు మారాడేమిటని అప్పుడూ విమర్శలు వచ్చాయి, ఇప్పుడూ వస్తాయి. అందులో నిజం లేకపోలేదు. అయితే ఏ పార్టీలో ఉన్నా రైతు విషయం మాత్రం వదల్లేదు.

నాగపూరు తీర్మానంతో తెగిన బంధం

1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూరు మహాసభ ఒక తీర్మానం చేసింది. ముందుముందు దేశంలో వ్యవసాయం సహకార పద్ధతిలో, భూములు కలిపి ఉమ్మడిగా సాగు చేసే దారిలో వెళ్లాలి, భూమికి గరిష్ఠ పరిమితి పెట్టాలి అన్నది దాని సారం. నెహ్రూకు ఇది పేదరికం పోగొట్టే మార్గంగా కనిపించింది. రంగాకు మాత్రం రైతు చేతిలోంచి పొలం జారిపోయే మొదటి మెట్టుగా కనిపించింది. రష్యాలో ఉమ్మడి సాగు పేరుతో రైతులు పడ్డ కష్టం ఆయన చదివి ఉన్నారు.

కాంగ్రెస్‌కు రాజీనామా ఇచ్చారు. ఆ ఏడాదే రాజాజీ, మీనూ మసానీ వంటివారితో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. రాజాజీ మార్గదర్శి, రంగా వ్యవస్థాపక అధ్యక్షుడు. సంస్థానాధీశులు, మిల్లు యజమానులు కూడా ఆ పార్టీలో చేరడంతో దానికి పెద్దింటివాళ్ల పార్టీ అన్న పేరు పడింది. ఆ పేరు మధ్య రైతు మాట వినిపించాల్సిన భారం రంగా మీద పడింది.

1962 ఎన్నికల్లో తెనాలిలో ఓడిపోయారు. అదే ఏడాది చిత్తూరు ఎంపీ అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్లడంతో అక్కడ ఉపఎన్నిక వచ్చింది. రంగా గెలిచి లోక్‌సభకు వచ్చారు. సభలో కాంగ్రెస్‌కు 361 మంది. సార్వత్రిక ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ గెలిచింది 18 సీట్లు. ఈ లెక్క మనసులో పెట్టుకుని ముందుకు చూద్దాం.

పదిహేడో సవరణ ఎందుకు వచ్చింది

కేరళలో కాసరగోడు ప్రాంతం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడి భూములు రైత్వారీ. కేరళ ప్రభుత్వం తెచ్చిన భూసంస్కరణ చట్టాన్ని అక్కడి రైతులు కొందరు సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1961 డిసెంబరులో కోర్టు తీర్పిచ్చింది. రాజ్యాంగంలో ఎస్టేట్ అన్న మాటకు అర్థం జమీందారీ వంటి భూములే, రైత్వారీ భూమి అందులోకి రాదు, కాబట్టి 31ఎ రక్షణ ఈ భూముల విషయంలో చట్టానికి వర్తించదు అని ఆ తీర్పు సారాంశం.

అంటే జమీందారు భూమి తీసుకోవడానికి ఉన్న వెసులుబాటు, పట్టా రైతు భూమి విషయంలో సర్కారుకు లేకుండా పోయింది. దేశంలో చాలా రాష్ట్రాల సీలింగు చట్టాలు ప్రమాదంలో పడ్డాయి. 1964 మార్చిలో మద్రాసు సీలింగు చట్టం కూడా సుప్రీంకోర్టులో పడిపోయింది.

దీన్ని సరిచేయడానికే కేంద్రం 1963 మేలో పదిహేడో సవరణ బిల్లు తెచ్చింది. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి, ఎస్టేట్ అన్న మాట కిందికి రైత్వారీ భూమిని కూడా తేవడం. రెండు, వివిధ రాష్ట్రాల భూచట్టాలను గుత్తగా తొమ్మిదో షెడ్యూల్లో చేర్చడం. మొదటి బిల్లులో ఆ జాబితా వందకు పైగా ఉండేది.

రంగా వాదన

సభలో స్వతంత్ర పార్టీ నాయకుడిగా రంగా, బయట రాజాజీ ఈ బిల్లును ఎదిరించారు. రంగా వైపు వాదనను మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

జమీందారు వేరు, పట్టా రైతు వేరు. జమీందారు శిస్తు వసూలుదారు. పట్టా రైతు తన చెమటతో బతికేవాడు. ఇద్దరినీ ఎస్టేట్ అనే ఒకే మూటలో కట్టేస్తే, జమీందారీ మీద పోరాడిన రైతునే జమీందారుగా మార్చినట్టు అవుతుంది. ఇది మొదటి మాట.

రెండోది పరిహారం. మిల్లు యజమాని ఆస్తికి ఒక న్యాయం, రైతు పొలానికి ఒక న్యాయమా? పట్నంలో మేడకు లేని పరిమితి పల్లెలో మడికి ఎందుకు?

మూడోది కోర్టు తలుపు. వందకు పైగా చట్టాలను ఒక్కొక్కటీ చదివి చర్చించకుండా ఒకే వేటుతో షెడ్యూల్లో పడేస్తే, వాటిలో ఏ చట్టం ఏ రైతుకు అన్యాయం చేస్తుందో ఎవరికి తెలుస్తుంది? అన్యాయం జరిగినవాడు కోర్టుకు పోలేకపోతే ఇక ఎక్కడికి పోవాలి?

నాలుగోది భయం. ఇవాళ సీలింగు, రేపు ఉమ్మడి సాగు. నాగపూరు తీర్మానం నీడ ఈ బిల్లు మీద పడిందని ఆయన నమ్మకం. పొలం, కుటుంబం ఈ రెండూ రైతు స్వేచ్ఛకు రెండు కాళ్లన్నది ఆయన సిద్ధాంతం.

అవతలి వైపు మాట

ఇక్కడ మేం అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. లేకపోతే కథ సగమే అవుతుంది.

బిల్లును బలపరిచినవాళ్లు అడిగిన ప్రశ్నా చిన్నది కాదు. పట్టా రైతు అంటే రెండెకరాల రైతు ఒక్కడే కాదు. వందల ఎకరాలకు ఒకే పేరు మీద పట్టాలున్న పెద్ద రైతులూ అదే మాట కింద దాక్కున్నారు. రైత్వారీ ప్రాంతంలో పొలంలో నాట్లు వేసేదీ, కోత కోసేదీ కూలీలు, కౌలుదార్లు. వాళ్లలో ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు. వాళ్లకు భూమి రావాలంటే ఎక్కడినుంచి రావాలి? కోర్టులో కేసు నడపగలిగేది డబ్బున్నవాడే కదా? కమ్యూనిస్టులు ఈ కారణంతోనే బిల్లు పక్షాన నిలిచారు. తెలంగాణలో దొరల గడీల కింద వెట్టి చేసిన కుటుంబాల బిడ్డలకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

రంగా రైతుల గురించి మాట్లాడినంతగా రైతు కూలీ గురించి మాట్లాడలేదన్న విమర్శ ఉంది. ఆయన కూలీల సమస్యల మీద పుస్తకాలు రాసిన మాట నిజమే. కానీ 1964 వాదంలో ఆయన కళ్ల ముందున్నది పట్టా ఉన్న రైతే, పట్టా లేనివాడు కాదు. తర్వాతి కాలంలో సీలింగు చట్టాలు వచ్చాక పెద్ద భూస్వాములు బంధువుల పేర్ల మీద, పాలేర్ల పేర్ల మీద భూములు రాయించి తప్పించుకున్న సంగతి మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. చట్టం పట్టుకోవాల్సినవాళ్లను పట్టుకోలేదు. ఆ లెక్కన చూస్తే రెండు పక్షాల వాదనలోనూ కొంత నిజం ఉందని మాకనిపిస్తుంది.

ఓడిపోయి గెలిచిన బిల్లు

రాజ్యాంగ సవరణ మామూలు బిల్లు లాంటిది కాదు. హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే చాలదు. సభలోని మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కూడా ఓటు వేయాలి. 368వ అధికరణం పెట్టిన షరతు అది.

1964 ఏప్రిల్ చివర్లో బిల్లు లోక్‌సభలో ఓటింగుకు వచ్చింది. వ్యతిరేకించినవాళ్లు కొద్దిమందే. కానీ కాంగ్రెస్ సభ్యులు చాలామంది ఆ రోజు సభలో లేరు. మొత్తం సభ్యుల్లో సగం దాటాల్సిన లెక్క దాటలేదు. 361 మందితో గెలిచిన పార్టీ తెచ్చిన రాజ్యాంగ సవరణ, ఓట్లు చాలక పడిపోయింది! స్వతంత్ర పార్టీకి ఇది పండగే. ప్రభుత్వానికి తల కొట్టేసినట్టయింది.

ప్రభుత్వం ఊరుకోలేదు. బిల్లును మార్చి, మళ్లీ పెట్టడానికి ప్రత్యేక సమావేశం పిలిచింది. షెడ్యూల్లో చేర్చే చట్టాల సంఖ్య 44కు తగ్గింది. 1964 మే 27న కొత్త బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం జవహర్‌లాల్ నెహ్రూ కన్నుమూశారు. దేశమంతా విషాదంలో మునిగింది. గుల్జారీలాల్ నందా తాత్కాలిక ప్రధాని అయ్యారు. ఆ విషాదం మధ్యనే జూన్ మొదటి రోజుల్లో చర్చ జరిగి, జూన్ 2న లోక్‌సభ, జూన్ 5న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. జూన్ 20న రాష్ట్రపతి సంతకం పడింది.

రంగా ఓడిపోయారు. షెడ్యూల్లోకి కొత్తగా వెళ్లిన 44 చట్టాల్లో మొట్టమొదటిది, అంటే వరసలో 21వది, 1961 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భూముల సీలింగు చట్టమే. దాని వెనకే తెలంగాణ ప్రాంతపు కౌలు, ఇజారా భూములకు సంబంధించిన చట్టాలు రెండు ఉన్నాయి.

చిన్న రైతుకు మిగిలిన ఒక్క వాక్యం

కానీ ఆ సవరణలో ఒక వాక్యం చేరింది. అది ఇవాళ్టికీ రాజ్యాంగంలో ఉంది, మనందరం తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

31ఎ అధికరణంలో రెండో మినహాయింపుగా అది కనిపిస్తుంది. రైతు స్వయంగా సాగు చేసుకుంటున్న భూమి సీలింగు పరిమితి లోపల ఉంటే, ఆ భూమిని గానీ, అందులోని ఇంటిని, కట్టడాన్ని గానీ సర్కారు తీసుకోవాలంటే మార్కెట్ విలువకు తక్కువ కాని పరిహారం చట్టంలోనే ఉండి తీరాలి. అంటే పెద్ద భూస్వామి మిగులు భూమికి ఒక లెక్క, చిన్న రైతు సొంత సాగు మడికి ఒక లెక్క.

ఇది రంగా ఒక్కరి వల్లే వచ్చిందని మేం అనం. సభలో చాలామంది, కాంగ్రెస్‌లో ఉన్న రైతు సభ్యులతో సహా, చిన్న రైతు గురించి ఆందోళన పడ్డారు. కానీ పట్టా రైతునూ జమీందారునూ ఒక గాటన కట్టవద్దన్న వాదన అంత గట్టిగా వినిపించకపోతే ఇలాంటి కంచె వేయాలన్న ఆలోచనకు అంత బలం ఉండేదా? ఓడిన పక్షం కూడా చట్టం మీద తన వేలిముద్ర వదిలి వెళ్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కథ కోర్టుకెక్కింది

పదిహేడో సవరణ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1964 అక్టోబరులో సజ్జన్ సింగ్ కేసులో కోర్టు సవరణ చెల్లుతుందంది, కాకపోతే ఇద్దరు జడ్జీలు తమ సందేహాలు రాశారు. తర్వాత పంజాబుకు చెందిన గోలక్‌నాథ్ కుటుంబం కేసు వచ్చింది. 1967 ఫిబ్రవరి 27న ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపుగా తీర్పు వెలువడింది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం ఇకమీదట పార్లమెంటుకు లేదని, అంతకుముందు చేసిన సవరణలు మాత్రం అలాగే ఉంటాయని ఆ తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనానికి పెద్ద ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, రాజమండ్రి మనిషి. సభలో వాదించినదీ తెలుగువాడే, కోర్టులో తీర్పు రాసినదీ తెలుగువాడే.

దానిమీద ఇందిరాగాంధీ ప్రభుత్వం 1971లో 24వ సవరణ తెచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో ఏడుగురు, ఆరుగురుగా చీలిన తీర్పులో కోర్టు మధ్య దారి చెప్పింది. పార్లమెంటు రాజ్యాంగంలో దేన్నైనా సవరించవచ్చు, కానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు అని. విచిత్రం చూడండి, ఆ కేశవానంద స్వామి మఠం ఉన్న ఎడనీరు కూడా కాసరగోడు ప్రాంతంలోదే. 1961లో మొదలైన భూమి తగాదా పన్నెండేళ్లు తిరిగి అక్కడికే వచ్చింది.

తొమ్మిదో షెడ్యూలు మీద రంగా వెలిబుచ్చిన భయానికి సమాధానం ఇంకా ఆలస్యంగా వచ్చింది. 2007 జనవరి 11న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, 1973 ఏప్రిల్ 24 తర్వాత ఆ షెడ్యూల్లో చేర్చిన చట్టాలను మౌలిక స్వరూపం కొలతతో కోర్టు పరిశీలించవచ్చని తేల్చింది. మూసిన తలుపు కొంత తెరుచుకుంది. అప్పటికి రంగా పోయి దాదాపు పన్నెండేళ్లు.

చివరి దశాబ్దాలు

1967లో స్వతంత్ర పార్టీ 44 సీట్లతో లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమయింది. ఆ ఎన్నికల్లో శ్రీకాకుళం నుంచి గెలిచిన లచ్చన్న, తన గురువు సభలో ఉండాలని సీటు వదులుకున్నారు. ఉపఎన్నికలో రంగా అక్కడి నుంచి గెలిచారు. చేతికొచ్చిన ఎంపీ పదవిని గురువు కోసం వదిలేసే శిష్యులు ఈ రోజుల్లో దొరుకుతారా? 1971లో ఇందిర గాలికి పార్టీ ఎనిమిది సీట్లకు పడిపోయింది. రంగా ఆ సభకు రాలేకపోయారు. తర్వాత ఆయన మళ్లీ కాంగ్రెస్‌లో చేరారు. స్వతంత్ర పార్టీ మిత్రులకు ఇది మింగుడు పడలేదు.

1977 నుంచి 1980 దాకా రాజ్యసభలో ఉన్నారు. జనతా ప్రభుత్వం తెచ్చిన 44వ సవరణ ఆ కాలంలోనే వచ్చింది. 1979 జూన్ నుంచి ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగిపోయి, 300ఎ అధికరణం కింద మామూలు చట్టబద్ధ హక్కుగా మిగిలింది. చట్టం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోకూడదన్నంత వరకే దాని బలం. 1964లో రంగా దేనికోసం పోరాడారో, ఆ కోట గోడ ఆయన పార్లమెంటులో ఉండగానే అలా కూలింది. కానీ 31ఎలో ఉన్న చిన్న రైతు వాక్యాన్ని ఎవరూ కదపలేదు.

1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి వరసగా గెలిచారు. 1984లో ఎన్టీఆర్ ప్రభంజనంలో రాష్ట్రంలోని 42 సీట్లలో కాంగ్రెస్‌కు దక్కినవి ఆరే. అందులో ఒకటి 84 ఏళ్ల రంగా గెలిచిన గుంటూరు. 1991లో పార్లమెంటుకు సెలవు చెప్పారు. అదే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. 1930ల నుంచి 1991 దాకా, మధ్యలో కొద్ది విరామాలు తప్ప, చట్టసభల్లోనే గడిచిన జీవితం. 1995 జూన్ 9న తుదిశ్వాస విడిచారు. మరుసటి ఏడాది వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

మనకు ఏం మిగిలింది

2014 జనవరి 1 నుంచి కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చింది. గ్రామాల్లో మార్కెట్ విలువ మీద లెక్క కట్టి, నాలుగు రెట్ల దాకా పరిహారం ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. భూమి లేకపోయినా ఆ భూమి మీద పని చేసి బతికే కుటుంబాలను కూడా ఆ చట్టం లెక్కలోకి తీసుకుంది. అంటే 1964లో రెండు పక్షాలూ అడిగిన రెండు ప్రశ్నలూ యాభై ఏళ్ల తర్వాత ఒకే చట్టంలో చోటు దక్కించుకున్నాయన్నమాట. అమలులో ఎంత జరుగుతోందన్నది వేరే కథ. ప్రాజెక్టులకు, రోడ్లకు భూములిచ్చిన ఊళ్ల నుంచి వచ్చిన మన సోదరులకు ఆ కథ బాగా తెలుసు.

దూరాన ఉన్న మనం చేయగలిగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. ఊళ్లో భూమి ఎవరి పేరు మీద ఉందో, పాస్‌పుస్తకంలో విస్తీర్ణం సరిగా ఉందో లేదో ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోవాలి. ఊళ్లో భూసేకరణ నోటీసు వస్తే గడువు లోపల అభ్యంతరం చెప్పేలా ఇంట్లో ఒకరికి బాధ్యత అప్పగించాలి. నోటీసు వచ్చిన సంగతి సెలవుకు ఇంటికి వెళ్లాక తెలిస్తే అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది.

రంగా చెప్పిందంతా ఒప్పని మేం అనడం లేదు. ఆయన వాదన గెలిచి ఉంటే కొందరు కూలీలకు వచ్చిన పట్టాలు రాకపోయేవేమో కూడా. కానీ 361 మంది ఒకవైపు ఉన్నప్పుడు, కొద్దిమంది తోడుతో లేచి నిలబడి, రైతు పట్టాకు విలువ ఏమిటని అడిగిన మనిషి ఆయన. రాజ్యాంగాన్ని మార్చేటప్పుడు అలా అడిగేవాడు ఒకడు సభలో ఉండాలి. ఉంటే, ఓడిపోయినా, చిన్నవాడికి పనికొచ్చే వాక్యం ఒకటి చట్టంలో మిగులుతుంది.